ఉప్పు తిన్న గాజు

పుంటా అరేనాస్‌లో గాలి
ఆరేసిన దుప్పటిని అడక్కుండానే పట్టుకుపోతుంది.
పెరట్లో ఆకుకూర వేయడమంటే
దానికి అప్పిచ్చినట్టే, తిరిగి రాదు.
అందుకే నా లెట్యూస్ బట్టల అలమారలో పెరుగుతుంది,
కోట్లు తీసేసిన చోట, ఊదారంగు దీపం కింద,
నీళ్లలోకి వేళ్లు జారవిడిచి.

ఆ నీళ్ల పులుపు చెప్పడానికి ఒక మీటరు.
పెన్ను అంత ఉంటుంది. చివర గాజు బుడగ,
చేప కన్నంత.

రేవులో నా పని పీతల తూకం.
రోజూ తెల్లారుజామున ఐదు కిలోల గుండు ఎక్కించి
కాటా నిజమే చెబుతోందని తేలాకే
మొదటి పీతను ముట్టుకుంటాను.
కాబట్టి ఇంట్లో కూడా ఆదివారం ఆదివారం
పసుపు నీళ్లలో ఏడు, గులాబీ నీళ్లలో నాలుగు
మీటరు చేత చెప్పించడం
నాకెప్పుడూ చాదస్తం అనిపించలేదు.

మే నెలలో ఎదురింటి నికనోర్ దాన్ని అరువడిగాడు.
స్నానాలగది కిటికీలో స్ట్రాబెర్రీలు పెట్టాడట.
మూడో రోజుకే తిరిగిచ్చాడు,
వేడినీళ్లతో కడిగి, తుడిచి, మూత లోపల కూడా తుడిచి,
ఇస్త్రీ చేసిన చేతిరుమాల్లో చుట్టి,
పైన ఒక సీసా కలఫాతె జామ్.
నలభై ఏళ్లు గొర్రెల కబేళాలో కత్తులు కడిగిన మనిషి.
తడిగా దాచిన ఇనుము ఏమవుతుందో
ఆయన చేతులకు తెలుసు.

ఆ ఆదివారం నేను పరీక్ష పెట్టలేదు.
(జామ్ బాగుంది. అదే కారణం అనుకోండి.)

ఆరూ పాయింట్ రెండు, అంది మీటరు.
నాకు ఐదూ పాయింట్ ఎనిమిది కావాలి.
రెండు చుక్కలు ఆమ్లం పోశాను. ఆరూ పాయింట్ రెండు.
ఇంకో రెండు. ఆరూ పాయింట్ రెండు.
అలా నాలుగు రోజులు.
ఐదో రోజు ఆకుల అంచులు
కాల్చిన కాగితంలా ముడుచుకున్నాయి.

అప్పుడు ముంచాను పసుపు నీళ్లలో: ఆరూ పాయింట్ నాలుగు.
గులాబీ నీళ్లలో: ఆరూ పాయింట్ ఒకటి.
ఏం అడిగినా ఒకే ఎక్కం అప్పజెప్పే పిల్లాడు.

గాజు ఎండిపోయింది.
దానికి ఉప్పు నీళ్లు కావాలి, ఎప్పుడూ, మూతలో నాలుగు చుక్కలైనా.
వీధి చివర జలసంధి నిండా ఉప్పే,
కానీ ఆ ఉప్పు కాదు.
మంచినీళ్లు పనికిరావు. మరీ స్వచ్ఛమైన నీళ్లయితే
గాజు దాచుకున్న కాస్త సారాన్నీ లాగేస్తాయి.
శాంతియాగో నుంచి విమానంలో వచ్చిన బుడ్డి తీసి
రాత్రంతా నానబెట్టాను.

పొద్దున కడిగి, రుద్దకుండా, కాగితంతో అద్ది,
కొత్త పసుపు నీళ్లు చిన్న గ్లాసులో పోశాను.
ఆరూ పాయింట్ ఏడు. ఆగాను.
ఆరూ పాయింట్ తొమ్మిది.
కెటిల్ కూసింది, లేవలేదు.
ఏడు.
నాలుగు మాత్రం నాలుగూ పాయింట్ ఒకటి దగ్గరే మొరాయించింది.
బటన్ నొక్కి సరిచేశాను గానీ
పూర్తిగా నమ్మలేదు. మీటరు వీపున టేపు అంటించి తేదీ రాశాను.
వాడిన నీళ్లు సీసాలో తిరిగి పోయలేదు, సింకులో పారబోశాను.
ఉప్పు తిన్న విశ్వాసం అంటారే,
అది దీనికి రోజూ తినిపిస్తేనే.

జూన్‌లో నికనోర్ మళ్లీ తలుపు తట్టాడు.
మూతలో చుక్కలు వేసి చూపించి, ఆరనివ్వకు, అన్నాను.
తడిగానా? అన్నాడు,
కత్తిని బురదలో దాచమన్నట్టు నావైపు చూస్తూ.
ఎలా చెప్పాలో తెలియక,
ఇది కత్తి కాదు, పీత, అన్నాను.

ఆయన ముఖం వెంటనే మారింది.
బతికున్న పీతను బేరం కుదిరేదాకా
తడి గోనెలో ఉంచుతారని ఈ ఊళ్లో ఎవరికి తెలీదు!
మీటరును గుడ్డులా రెండు చేతుల్లోకి తీసుకుని,
గాలికి వీపు పెట్టి,
రోడ్డు దాటాడు.